ఇరవైమూడో నంబరు స్తంభం

చింతాడపేటలో పాతసంత వీధి మలుపున మురిక్కాలవ మీది పలక విరిగింది. ఇసక లారీ ఒకటి వెనక్కి తిప్పుకుంటూ వెనక చక్రం దానిమీదికి ఎక్కించింది. పలక పెటిల్లుమంది. లారీవాడు దిగి చూశాడు, చూడనట్టే ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంత చిన్న సంగతికి కథేమిటంటారా? అయితే మీకు పురపాలక సంఘంతో ఎప్పుడూ పనిపడలేదన్నమాట. అదృష్టవంతులు.

ఆ పలకకి అవతల ఇరవైమూడో నంబరు కరెంటు స్తంభం. ఆ స్తంభాన్ని ఆనుకుని సూరీడమ్మ ఇస్త్రీ బండి. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ అక్కడే నిలబడి, బొగ్గుల పెట్టెతో ఊళ్ళోవాళ్ళ చొక్కాల ముడతలు తీస్తోంది. బట్టలిచ్చేవాళ్ళు ఆ పలక దాటే రావాలి. పలక పోయాక అక్కడ మనిషి పట్టేంత గొయ్యి పడింది. మొదటిరోజు వచ్చినవాళ్ళు అవతలి గట్టున నిలబడి మూట విసిరారు. రెండోరోజు నుంచి మూట పట్టుకుని తిన్నగా బస్టాండు దగ్గరి ఇస్త్రీ బండికే పోయారు. మూడోరోజు బడికెళ్ళే ఆడపిల్ల ఒకతి మోకాలిదాకా అందులోకి జారి, కాలంతా గీరుకుపోయి ఏడ్చింది. సూరీడమ్మ ఆ పిల్ల కాలు కడిగి, గోతిలో ఓ తుమ్మకొమ్మ నాటి, దాని కొసకి ఎర్రగుడ్డ కట్టింది. తర్వాత చెంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

ఏ కష్టమొచ్చినా ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండని పురపాలక సంఘంవాళ్ళే గోడలన్నిటి మీదా రాయించారు. సూరీడమ్మ చదివింది అయిదో తరగతి. బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని ఇలా పంపింది: "అయ్యా బాబూ మా ఈదిలో కాలవ మీద పలక ఇరిగిపోనాది. పిల్లలు పడిపోతన్నారు. బేగి ఏయించండి. సూరీడమ్మ, ఇస్త్రీ బండి, ఇరవైమూడో పోలు కాడ."

గంటలో జవాబొచ్చింది. "మీ విన్నపమునందు పదునొకండు దోషములు గుర్తింపబడినవి. దోషరహితముగా పునర్లిఖించి సమర్పించిన యెడల స్వీకరింపబడును. అంతవరకు మీ సమస్య ఉన్నట్లు పరిగణింపబడదు. ఇట్లు, పేరిశాస్త్రి, భాషాశుద్ధి ప్రత్యేకాధికారి."

సూరీడమ్మ దాన్ని మూడుసార్లు కూడబలుక్కుని చదివింది. తలతిప్పి గోతి వంక చూసింది. అది ఉన్నట్టే ఉంది.

ఈ భాషాశుద్ధి ఎక్కణ్ణించి ఊడిపడిందో చెప్పాలి. రెండు నెలల కిందట జిల్లా సమీక్షా సమావేశంలో చింతాడపేట ఫిర్యాదుల్ని తెరమీద వేసి చూపించారు. కుక్కలు కరిచేస్తున్నాయి మొర్రో అని ఎవరో పంపిన ఫిర్యాదులో అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. పెద్ద ఆఫీసర్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. కుక్కల సంగతి ఎవరికీ వినపడలేదు, చింతాడపేట కమిషనరుగారికి అసలే వినపడలేదు. ఆయనకి వినపడింది నవ్వొక్కటే. మర్నాడే ఉత్తర్వు వేశారు: "పౌరుల వ్రాతయే పట్టణపు ముఖము. దోషభూయిష్ఠమైన ఫిర్యాదు ఫిర్యాదు కాజాలదు." దానికి స్వచ్ఛ లేఖనోద్యమం అని పేరు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగారు.

శుద్ధి చెయ్యడానికి ముప్పైనాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన పేరిశాస్త్రిగారిని పిలిపించారు. ఆయన్ని చెడ్డవాడనడానికి నాకు నోరు రాదు. ఒకరి సొమ్ము ముట్టడు, ఒకర్ని మాట అనడు. కాకపోతే శుభలేఖ చేతికొస్తే ముహూర్తం చూడకముందే ఎర్రసిరాతో తప్పులు చుట్టి, ఆ కార్డు పెళ్ళికి తీసుకెళ్ళి పిల్ల తండ్రి చేతిలో పెట్టే మనిషి. అలాంటివాడికి ఊరి ఫిర్యాదులన్నీ అప్పగిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పదకొండువందల నలభై ఫిర్యాదులు పేరుకుని ఉన్నాయి, వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. అన్నీ దోషాలతో తిరిగి వెళ్ళిపోయాయి. చెత్త ఎత్తకుండా, కుక్కని పట్టకుండా, పైపు బిగించకుండా ఊరు శుభ్రపడిందని కమిషనరుగారు మురిసిపోయారు.

పని పెరిగేసరికి శాస్త్రిగారి చెయ్యి నొప్పెట్టింది. ఆయన ఎర్రసిరా అలవాటంతా ఓ కంప్యూటరుకి నేర్పించి కూర్చోబెట్టారు. ఎవరేం పంపినా అదే చూసి, అదే తప్పులెంచి, కింద శాస్త్రిగారి సంతకం పెట్టి పంపించేసేది. పగలూ రాత్రీ, పండగా పబ్బం లేకుండా.

సూరీడమ్మ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. రాత వద్దన్నారు కాబట్టి గోతికి ఫొటో తీసి పంపింది. చిత్రమునందు వాక్యము లేదని జవాబొచ్చింది. పైగా ఆ ఫొటోలో ఓ మూల టిఫిన్ హోటలు బోర్డు పడిందిట. దానిమీద రెండు తప్పులున్నాయని హోటలాయనకి నోటీసు వెళ్ళింది. ఆయన సూరీడమ్మతో మాట్లాడ్డం మానేశాడు. తర్వాత నోటితో చెప్పి రికార్డు పంపింది. అందులో ముప్పైయొక్క ఉచ్చారణ దోషాలొచ్చాయి. మాట్లాడితే రాతకంటే ఎక్కువ తప్పులొస్తాయని ఆవిడకి అప్పుడే తెలిసింది.

ఇక లాభంలేదని ఆఫీసుకే వెళ్ళింది. పేరిశాస్త్రిగారు ఆవిడకి కొత్తవారేం కాదు. ఆయన పంచెలు ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నది ఆవిడే. ఆయన ఆదరంగా కుర్చీ చూపించి, మంచినీళ్ళిప్పించి, ఆవిడ రాసింది బయటికి తీసి, ఒక్కో తప్పూ ఎందుకు తప్పో విడమరిచి చెప్పారు. ఎంత ఓపికగా చెప్పారంటే, ముప్పావుగంట పట్టింది. సూరీడమ్మ అన్నిటికీ తలూపింది.

"అన్నీ బాగానే సెప్పినారు పంతులుగోరూ. ఇంతకీ నాను రాసింది మీకు అర్థమయిందా, లేదా?"

"అర్థం కాకపోవడమేమిటమ్మా? చక్కగా అర్థమైంది. పలక విరిగింది."

"మరి ఏయించండి."

శాస్త్రిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అర్థం కావడం వేరు, స్వీకరించడం వేరు తల్లీ. నా బల్లమీద పలక లేదు. భాషే ఉంది."

అక్కణ్ణించి ఆవిడ తిన్నగా తాసిల్దారు ఆఫీసు ఎదర చెట్టుకింద అర్జీలు రాసే గవర్రాజు దగ్గరికి పోయింది. ఆయన అప్పటికే కడుపుమంటతో ఉన్నాడు. నలభై ఏళ్ళుగా పెద్దపెద్ద దొరలచేత సంతకాలు పెట్టించిన ఆయన అర్జీలు కూడా కంప్యూటరు దగ్గర బోర్లాపడుతున్నాయి. పలక గురించి మూడు రకాలుగా రాశాడు, మూడూ తిరిగొచ్చాయి. నాలుగోసారి పౌరుషమొచ్చి, ఇనప్పెట్టె అడుగునుంచి తాతలనాటి నకలొకటి తీశాడు. వాళ్ళ గురువు రాసిపెట్టిన వీధిదీపం అర్జీ అది. అందులో సూరీడమ్మ బండి దగ్గరి స్తంభం నంబరు వేసి పంపించాడు: "ఇరవైమూడవ సంఖ్య గల స్తంభమునందలి దీపము వెలుగుటలేదు. దయతో సరిచేయింప ప్రార్థన."

స్వీకరించాం అని జవాబొచ్చింది, దాంతోపాటు ఫిర్యాదు నంబరూ వచ్చింది. సూరీడమ్మ నోరు వెళ్ళబెట్టి, దీపం బాగానే ఎలుగుతోంది కదా బాబూ అంది. గవర్రాజు చుట్ట ముట్టించుకుని, ముందు నంబరు రానీ, నంబరొచ్చాక అసలు సంగతి నోటితో చెప్పుకోవచ్చు, ఆఫీసంటే అంతే అన్నాడు. ఆయన మాట కాదనడానికి లేదు. మన దేశంలో నంబరు లేని మనిషికి కష్టం కూడా ఉండకూడదు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన బండేసుకుని లైన్‌మన్ అప్పన్న దిగాడు. దీపం వెలుగుతోంది. చేతిలో కాగితం చూస్తే వెలగటం లేదని ఉంది. కాగితానికి ఎదురు చెప్పడం ఉద్యోగానికి మంచిది కాదు కాబట్టి, వెలుగుతున్న బల్బు తీసేసి ఇంకోటి పెట్టి, ఫొటో తీసి, పరిష్కరించామని రాసుకున్నాడు. సూరీడమ్మ ఆయన చెయ్యి పట్టుకుని గోతి చూపించింది. అప్పన్న గోతికి ఇటో కాలూ అటో కాలూ వేసి నిలబడి, నాకు దీపమే రాశారక్కా, పలక రాయలేదు అని నొచ్చుకున్నాడు. మంచివాడే. గోతిమీంచి జాగ్రత్తగా దూకి వెళ్ళిపోయాడు.

అయితే మనిషి వచ్చాడన్న వార్త ఊరంతా పాకింది. పురపాలక సంఘం బండి ఓ వీధిలోకి నిజంగా వచ్చి రెండు నెలలైంది మరి. సూరీడమ్మకి జవాబొచ్చిన ఆ ఫిర్యాదేదో మాకూ పంపమని అందరూ పంపించుకున్నారు. అందులో ఒక్క అక్షరం కదిపితే మళ్ళీ దోషమొస్తుందేమోనని ఎవరూ ముట్టుకోలేదు, స్తంభం నంబరుతో సహా. కొళాయి రానివాళ్ళు ఇరవైమూడో స్తంభం దీపం వెలగటంలేదని రాశారు. కుక్క కరిచినవాళ్ళూ, పింఛను ఆగినవాళ్ళూ అదే రాశారు. దోమలు కుడుతున్నాయని ఒకాయన రోజుకి మూడుపూటలా అదే పంపించాడు. నంబరొచ్చాక అసలు సంగతి చెప్పుకోవచ్చని అందరి ఆశ.

నెల తిరిగేసరికి నాలుగువేల ఫిర్యాదులు, ఒక్క దీపం మీద. ప్రతి ఫిర్యాదుకీ అప్పన్న రావాలి, ఫొటో తియ్యాలి. మొదట బల్బులు మార్చాడు. తర్వాత ఇంజనీరుగారొచ్చి, ఇంత ప్రజాగ్రహానికి ఒక్క బల్బు చాలదని నాలుగు పెట్టించారు. ఫిర్యాదులు ఆగలేదు. శాశ్వత పరిష్కారమని చెప్పి, కొబ్బరిచెట్టంత ఎత్తున ఇనప స్తంభం లేపి, దాని చుట్టూ పన్నెండు దీపాలు పెట్టించారు. వాటికోసం వేరే ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. అవి పట్టపగలు కూడా వెలిగేవి, ఆర్పితే మళ్ళీ ఫిర్యాదొస్తుందని భయం. ఆ మలుపు తిరిగిన ప్రతివాడూ తలెత్తి పైకి చూడాల్సిందే. కింద చూసేవాడు లేడు, కింద గొయ్యేమో అలాగే ఉంది.

సూరీడమ్మ ఊరుకోలేకపోయింది. ఓ అట్టముక్క మీద బొగ్గుతో "పలక నేదు. సూసి నడండి" అని రాసి తుమ్మకొమ్మకి కట్టింది. మూడోరోజున భాషాశుద్ధి విభాగంవాళ్ళు వచ్చి అట్టని కొమ్మతో సహా పెరికి తీసుకుపోయారు. బహిరంగ ప్రదేశమునందు దోషలేఖనము నేరమట. ఆవిడ వేరే కొమ్మ నాటి ఒట్టి ఎర్రగుడ్డ కట్టింది. వ్రాత లేని కర్ర ఆక్రమణ కిందకి వస్తుందని దాన్నీ పీకేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే. ఇక ఆవిడే బోర్డయింది. ఇస్త్రీ చేస్తూనే వచ్చేపోయేవాళ్ళని కాలవ, కాలవ అని కేకేసేది. అలా కేకేస్తున్నప్పుడే పెట్టె కదలకుండా ఉండిపోయి బ్యాంకాయన ప్యాంటు కాలిపోయింది. ఉన్న నాలుగు మూటల్లో ఒకటి అలా తగ్గింది. ఆ సాయంత్రం ఆవిడ బండి దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళ చోటు విడిచి ఎక్కడికి పోవాలి?

ఇదిలా ఉండగా చింతాడపేటకి రాష్ట్రస్థాయి బహుమానం వచ్చింది. వచ్చిన నాలుగువేల ఫిర్యాదులూ వచ్చిననాడే పరిష్కరించిన పట్టణం ఇంకెక్కడా లేదట. సన్మానం రోజున కమిషనరుగారు, "నేడు మన పట్టణమున ఒక్క దోషమూ లేదు, ఒక్క చీకటీ లేదు" అని మాట్లాడితే చప్పట్లు మోగిపోయాయి. పేరిశాస్త్రిగారికి శాలువా కప్పారు. ఆయన పట్టుపంచె ఆ పొద్దునే సూరీడమ్మ ఇస్త్రీ చేసి ఇచ్చింది.

సభ అయ్యాక శాస్త్రిగారికి ఆ దీపాన్ని ఓసారి కళ్ళారా చూడాలనిపించింది. శాలువాతో, పూలదండతో నడుచుకుంటూ పాతసంత వీధి మలుపుకొచ్చారు. మధ్యాహ్నం మూడు గంటలు. సూరీడమ్మ ఇస్త్రీ చేసిన బట్టలు ఇచ్చి రావడానికి పక్కవీధిలోకి వెళ్ళింది. కాలవ అని కేకేసేవాళ్ళు లేరు. శాస్త్రిగారు తలెత్తి పన్నెండు దీపాలూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఓ అడుగు ముందుకేశారు. తొమ్మిదో దీపం దగ్గర నడుందాకా గోతిలోకి దిగిపోయారు.

ఆయన పెట్టిన కేకలో ఎన్ని తప్పులున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అర్థం మాత్రం వీధి చివరిదాకా తెలిసింది. సూరీడమ్మ బట్టలు అరుగుమీద పడేసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికి నాలుగువేల పైచిలుకు ఫిర్యాదుల్లో ఇంకోటి పరిష్కరించడానికి వచ్చిన అప్పన్న నిచ్చెన దింపాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని పైకి లాగారు. శాలువా కాలవలో పోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆవిడ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి కాళ్ళు కడిగింది, ఆ బడిపిల్లకి కడిగినట్టే. దెప్పిపొడుపు మాటొక్కటీ అనలేదు. అదే ఆయనకి చేతికంటే ఎక్కువ నొప్పెట్టింది.

మర్నాడు కట్టు కట్టిన చెయ్యి మెళ్ళో వేళ్ళాడదీసుకుని, శాస్త్రిగారు ఎడమ బొటనవేలితో ఫోన్‌లో పలక గురించి ఫిర్యాదు పంపారు. వేలు కుదరక అక్షరాలు ఎటువి అటు పోయాయి. నిమిషంలో జవాబొచ్చింది. "మీ విన్నపమునందు పదునాలుగు దోషములు గుర్తింపబడినవి. దోషరహితముగా పునర్లిఖించి సమర్పింపుడు. అంతవరకు మీ సమస్య ఉన్నట్లు పరిగణింపబడదు. ఇట్లు, పేరిశాస్త్రి." ఆయన తన సంతకం వంక చాలాసేపు చూశారు. మళ్ళీ పంపారు. పేరిశాస్త్రి మళ్ళీ తిప్పికొట్టాడు. కమిషనరుగారికే ఫోన్ చేశారు. మీరే అమలు చేసిన నియమాన్ని మీ కోసమే సడలిస్తే లోకం ఏమంటుంది పండితులవారూ అని ఆయన బాధపడ్డారు.

అప్పుడు శాస్త్రిగారు లేచి, గోతి పక్కనుంచి గోడ పట్టుకుని నడిచి, సూరీడమ్మ బండి దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. సంగతంతా చెప్పారు.

ఆవిడ పెట్టెలో బొగ్గులు ఊదుతూ, "అలా రాత్తే ఎవురూ రారు పంతులుగోరూ," అంది. "దీపం ఎలగట్లేదని పంపండి."

శాస్త్రిగారు తలెత్తి పన్నెండు దీపాల వంకా చూశారు, తలదించుకున్నారు. బతుకులో మొదటిసారి, ఇంకొకరు రాసింది ఒక్క అక్షరం దిద్దకుండా పంపించారు. స్వీకరించారు. నంబరొచ్చింది.

అప్పన్న వచ్చి నిచ్చెన వెయ్యబోతే శాస్త్రిగారు ఆపారు. నిచ్చెన ఎక్కడ నిలబెడతావని అడిగారు. గోతి పక్కన వంకరగా ఆనిస్తున్నామండీ, ఏదో ఒకరోజు పడి చస్తాను అన్నాడు అప్పన్న. అయితే కాగితం తియ్యి, నేను చెబుతాను రాసుకో అని ఆయన చెప్పడం మొదలుపెట్టారు. "దీపమును సరిచేయుటకు నిచ్చెన అవసరము. నిచ్చెన నిలుచుటకు నేల అవసరము. నేల లేనందున దీపకార్యములో అంతర్భాగముగా రాతిపలకయొకటి తక్షణము అమర్చవలసియున్నది." ముప్పైనాలుగేళ్ళ పాండిత్యం మొత్తం ఆ మూడు వాక్యాల్లో పోశారు. కాగితం ఆఫీసుకి వెళ్ళింది. దోషం లేదు కాబట్టి ఎవరూ చదవలేదు, గంటలో మంజూరైంది. నాలుగువేల రెండువందల పదహారో దీపం ఫిర్యాదు కింద కాలవ మీద పలక పడింది.

తాపీమేస్త్రి కొత్త పలకని కూర్చి, పైన సిమెంటు పూసి నున్నగా మెత్తాడు. పచ్చిసిమెంటు కనపడితే మనవాళ్ళు ఊరుకోరు కదా, తేదీ అయినా పేరైనా గీకాల్సిందే. మేస్త్రి ఓ పుల్ల తీసి, మీ బండి ముందు పలక మీరే రాయండని సూరీడమ్మకిచ్చాడు. ఆవిడ వద్దంది. తప్పులొస్తాయి, మళ్ళీ పీకేస్తారు బాబూ అంది. శాస్త్రిగారు రాయమన్నట్టు తలూపారు. ఆవిడ గొంతుక్కూర్చుని, నాలిక కొస పళ్ళమధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం గీసింది: "పలక ఏసినారు. అందరికీ దండాలు. నిమ్మలంగా నడండి."

మేస్త్రి తాపీ చేత్తో పట్టుకుని, చెరిపెయ్యమంటారా అన్నట్టు శాస్త్రిగారి వంక చూశాడు. శాస్త్రిగారు వంగి మొత్తం చదివారు. ఎడమచెయ్యి అలవాటుగా జేబులోని ఎర్రసిరా కలం దాకా వెళ్ళింది, అక్కడే ఆగింది.

"ఆరనీ," అన్నారు.